చాపకూటి మాసము

పండుగ యనగా నేమి? కడుపార భుజించుటయు, క్రొత్తబట్ట కట్టుటయు మాత్రమే యైనచో దానికి తిథివార నక్షత్రములతో పనిలేదు; చేత పైకమున్న ప్రతిదినమును పండుగయే యగును. ఒకానొక దినమున నొకానొక మంచిపని జరిగెనని తలచుకొని, ఆ పనిలో మనమును పాలుగొనుటకే పెద్దలు దినములను నిర్ణయించిరని మా తలంపు. ఈ దృష్టితో శరత్కాలపు దినములను పరిశీలించుట మాకు వాడుకయైనది.

మేముండునది కృష్ణకు దక్షిణపుటొడ్డున, నాగార్జునసాగరము చెంతనున్న విజయపురి సౌత్. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్టకై నానాప్రాంతముల పనివారు వచ్చి నిలువగా నేర్పడిన ఊరిది. పేరు మాత్రము మిక్కిలి పాతది. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానికి విజయపురి యనియే పేరు. ఆ పట్టణమున్న లోయ నేడు సాగరగర్భమున నున్నది. నీరు నిలువకముందు, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి తీసినవానిలో ననేకమును నాగార్జునకొండపైనను, అనుపులోను పదిలపఱచిరి.

ఆ శాసనములలో నొకటి మాకు మిక్కిలి ప్రియమైనది. వీరపురుషదత్తుని మేనత్తయగు చాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభము నిలిపి, రాజుయొక్క ఆఱవ యేడు, వర్షర్తువున ఆఱవ పక్షము, పదియవ దినమని చెక్కించినది. ఋతువునకు ఎనిమిది పక్షముల చొప్పున ఆషాఢపూర్ణిమ మఱునాటినుండి లెక్కించినచో నది ఆశ్వయుజ శుద్ధ దశమి ప్రాంతమున పడును. మనము దసరా యనుకొను దినములలోనే, ఇచ్చట నొక స్త్రీ తన పేరిట ధర్మకార్యము చేసి, ఆ పేరు రాతిపై నిలుపుకొన్నది. 1956 అక్టోబరు 14వ తేదీన, విజయదశమినాడే, అంబేద్కరుగారు నాగపురమున లక్షలాది జనులతో బౌద్ధము స్వీకరించిరి. ఒకే తిథికి ఎన్ని విజయములు!

దసరాకు ముందుగనో వెనుకగనో మఱియొక దినము వచ్చును. సెప్టెంబరు 28. 1895లో ఆ దినమున మా పల్నాటి వినుకొండలో గుఱ్ఱం జాషువ జన్మించెను. గుడి వాకిలి తనకు మూయబడిన యొక అభాగ్యుడు తన మొఱను గబ్బిలముచేత శివునికి పంపుటను 1941లో కావ్యముగ వ్రాసిన కవి యాయన. మా పిల్లలు ఆనాడు ఆయన పద్యమొకటి చదువుదురు. అంతకుమించిన యాడంబరము లేదు.

ఇక కార్తికము. ఈ మాసాంతమున, అమావాస్య మొదలు ఐదుదినములు, కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవములు జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. క్రీ.శ. 1182 ప్రాంతమున నాగులేటి యొడ్డున కూలిన వీరుల ఆయుధములకు పూజలు చేయుదురు. అయితే ఆ కథలో కత్తికంటె చాప గొప్పది. బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టెను. మాలదాసు కన్నమను కుమారునిగ జూచుకొనెను. చాపకూడను మాట మా సీమలో పుట్టినదని మేము గర్వపడుచుందుము.

గర్వపడుటతోనే సరిపోవునా? ఇదే కార్తికమున మన ఊళ్లలో వనభోజనములు కులము కులమునకు వేఱుగ జరుగుచున్నవి. నిరుడొక బంధువు మా యింటికి వచ్చి, "వదినగారూ, ఆదివారము వనభోజనములకు తప్పక రావలెను, అందఱును మనవారే" అనెను. "మనవారనగా ఎవరండీ? మా ప్రక్కయింటివారును వత్తురా?" అని మా యింటి యిల్లాలు అడిగినది. "వారివి వారికి వేఱుగ నున్నవి గదా!" అని యాయన యాశ్చర్యపడెను.

మేము పోలేదు. మా వీథిలోని ఆఱిండ్లవారమును ఉసిరిచెట్టు క్రిందికి చేరితిమి. ఒకరు పులిహోర, ఒకరు గోంగూర, ఒకరు పెరుగు తెచ్చిరి. అంట్లుతోమ వచ్చు అమ్మాయి తెచ్చిన జొన్నరొట్టెలు మొదట చెల్లిపోయినవి. బంధువులలో కొందఱికి కోపము వచ్చినది. "రేపు మీ పిల్లల పెండ్లిండ్లకు ఎవరు వత్తురు?" అని కబురు పంపిరి. ఆడపిల్లలున్న యింట ఆ మాట తేలిక కాదు. ఇల్లాలు రెండుదినములు సరిగా నిద్రపోలేదు. తుదకు ఆమెయే యనినది: "ఆ చాపమీద కూర్చున్నవారు వత్తురు."

కులసభలవలన బీదవిద్యార్థులకు వేతనములు దొరకుచున్నవని కొందఱందురు. నిజమే, ఆ చందా ఏ దినమున పోగుచేసినను మాకు అభ్యంతరము లేదు. కాని వనభోజనమునందలి సౌందర్యమేమి? చెట్టుక్రింద గడప లేదు, వంటిల్లు లేదు, లోపలివారు వెలుపలివారు అను భేదము లేదు. అట్టి చోటికి గూడ గోడను మోసికొనిపోవుట యేల?

సోదరీ సోదరులారా! కారంపూడి చాపకూడు ఏటికొక్క దినము. తక్కిన దినములందు ఆ చాపను చుట్టి మూల నిలుపుటయు, పఱచుటయు మన చేతిలోనున్నది. ఈ కార్తికమున మీ పంక్తిలో ఎవరు కూర్చుందురో, పిలుపులు పంపకముందే యొకసారి యోచింపుడు.