పాసా? టిక్కెట్టా?

మా పామర్రుకి రైలు లేదు. నాలుగు రోడ్ల సెంటర్లో నుంచుంటే బెజవాడ, బందరు, గుడివాడ, కూచిపూడి వైపులకి బస్సులు దొరుకుతాయి, అంతే. నాన్న ఉద్యోగమంతా బందరు బస్సులో, చొక్కా జేబులో ఆర్టీసీ నెల పాసుతో గడిచింది. అందుకే 2019 మేలో అమ్మా నాన్నా ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చినప్పుడు "పాసు తీశాను నాన్నా" అని గర్వంగా చెప్పాను.

ఎక్సెల్ షీటు తెరవకపోతే మనం సాఫ్ట్‌వేరు వాళ్ళమెలా అవుతాం! యూరప్ బయట ఉండేవాళ్ళకి యూరైల్, ఇక్కడ నివాసముండే నాకు ఇంటర్‌రైల్. నెలలో ఏవైనా 5 రోజులు తిరగొచ్చు. బ్రసెల్స్, పారిస్, ఇంటర్‌లాకెన్, తిరిగి ఇల్లు: 4 రోజులు. మిగిలిన ఆ ఒక్క రోజే కొంప ముంచింది.

ఇంటర్‌లాకెన్‌లో అమ్మ బ్రియెంజ్ సరస్సు ఒడ్డున కూర్చుని, "పులిగడ్డ దగ్గర కృష్ణ ఒడ్డున కూర్చున్నట్టుందిరా. రేపు కూడా ఇక్కడే ఉందామా?" అంది. "పాసు రోజు వేస్టయిపోద్దమ్మా" అన్నాను. తెల్లారగట్ల లేపి మిలాన్ తీసికెళ్ళాను. ఆ రైలుకి పాసున్నా రిజర్వేషన్ డబ్బులు వేరే! చర్చి బయట ఫొటో, చేతిలో సాండ్‌విచ్, తిరుగు రైలు. అమ్మ దారంతా మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

నాన్న ఒకటే మాటన్నారు: "ఏరా, బందరు పాసుందని నేనెప్పుడన్నా ఆదివారం కూడా బందరు వెళ్ళానా?"

ఇంటికొచ్చి లెక్క చూస్తే విడి టిక్కెట్ల కన్నా పాసు వల్ల మిగిలింది 35 యూరోలు. అమ్మ అడిగిన రోజుని అంతకి అమ్ముకున్నానన్నమాట.

ఇప్పుడెవరైనా అడిగితే ఇలా చెప్తున్నా. ముందు పాసు మాట మర్చిపోయి, ఎక్కడ ఎన్నాళ్ళుండాలో రాసుకోండి. తేదీలు ఖాయమైతే ముందుగా కొన్న విడి టిక్కెట్లే చవక, కాకపోతే ఆ రైలు తప్పితే డబ్బులు పోయినట్టే. ఏ రోజుకా రోజు అనుకుని వెళ్ళేవాళ్ళకి పాసు మంచిది, అదీ జర్మనీ, స్విట్జర్లాండ్ లాంటి చోట్ల. ఫ్రాన్సు టీజీవీలకి రిజర్వేషన్ తప్పదు. జర్మనీలోనే తిరిగితే 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2026 జనవరి నుంచి 63 అయిన డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, కానీ ఐసీఈ ఎక్కనివ్వరు.

అమ్మ మళ్ళీ రాలేదు. అన్ని గంటలు విమానంలో కూర్చోలేనంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక, బందరులో పిన్ని దగ్గరకి తెగ వెళ్తోంది. మొన్న ఫోన్ చేస్తే ఇంకా అక్కడే ఉంది.

"ఇంకో రోజు ఉండిపోయానురా" అంది.

ఉండమ్మా.