నాలుగోనాటి పుట్టి

రాయలసీమవాళ్ళు పడవ ప్రయాణం చేశారంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ కర్నూలు–కడప కాలువ తవ్వించింది పొలాల తడికే కాదు, పడవలు నడపడానికి కూడా! మేము కాలువ జోలికి పోలేదు. సంక్రాంతి వెళ్ళిన వారానికి కర్నూలు దిగువన తుంగభద్రలో పుట్టి ఎక్కాము. నేను, మా చిన్నాయన, ఆయన మనవడు, తెడ్లు వేసే ఇద్దరు మనుషులు. మూడు రాత్రులు ఒడ్డున పడుకుని నాలుగోనాటికి సంగమేశ్వరం చేరాలి.

పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గంప అనుకోండి. వెనక తోలు కప్పేవారు, ఇప్పుడు తారు పూసిన పట్టా. మొదటిరోజు ఏరే మమ్మల్ని మోసింది. కృష్ణ కలిసే కూడవెల్లి దాటాక నీళ్ళలో నడక లేదు. అక్కడి గుడిని మునగకముందే రాయి రాయి విప్పి అలంపురం చేర్చారు. ఊళ్ళనలా విప్పుకుపోవడం కుదరదు గదా! 1981లో శ్రీశైలం ఆనకట్ట పూర్తయింది. 885 అడుగులకు నిండితే నీళ్ళు ఇంతదూరం ఎగదన్నుతాయి. ఆ నీళ్ళ కింద మా ఊరుంది. ఆనాడు చిన్నాయన బండికెత్తుకొచ్చిన దూలాలు ఈనాటికీ కర్నూలులో మా ఇంటి కప్పు మోస్తున్నాయి.

నాలుగోనాటికి జొన్నరొట్టెలు అప్పడాల్లా విరుగుతున్నాయి. శెనక్కాయల పొడి అడుగంటింది. "ఇంకెంత దూరం?" అని మొదటిరోజంతా వేధించిన పిల్లవాడు ఆ మాటే మరిచిపోయి తెడ్డు కోసం పేచీ పెడుతున్నాడు. పడవవాళ్ళకు మాత్రం తొందర. పొద్దెక్కితే గాలి లేస్తుంది, అలల్లో పుట్టి నిలవదు.

"రోంత నిదానంగా పోనీండప్పా," అన్నాడు చిన్నాయన.

నల్లమల వైపు కొండల్లో ఒక గండి. దానికేసి చూస్తూ చెయ్యి ఎత్తాడు. "ఆపండి. ఈడనే. మన కళ్ళం ఈడనే."

తెడ్లు ఆగాయి. తెడ్డు ఆగితే పుట్టి ఊరుకోదు, తనంతట తాను తిరుగుతుంది. అది ఇటు తిరిగితే ఆయన మెడ అటు తిప్పుతున్నాడు, ఆ చోటు కళ్ళ ముందునుంచి జారిపోకుండా. చుట్టూ నీళ్ళు తప్ప నాకేమీ కనబడలేదు.

"అక్కడ చేపలుంటాయా తాతా?"

"ఉంటాయి నాయనా. మన ఇంట్లోనే ఉంటాయి."

దూరంగా సంగమేశ్వరుడి గుడి శిఖరం అప్పుడే నీళ్ళ పైకి తేలుతోంది. ఏడు నదులు కలిసే చోటంటారు, వేపమాను లింగం. ఏటా చాలా నెలలు మునిగి ఉండి, నీళ్ళు తగ్గినప్పుడే దర్శనమిచ్చే దేవుడు. ఆయనకైనా ఏటేటా బయటపడే యోగముంది.

పడవవాళ్ళలో పెద్దవాడు ఆకాశం చూశాడు, నన్ను చూశాడు. చిన్నాయనతో చెప్పమన్నట్టు సైగ చేశాడు. నాకు నోరు రాలేదు. పుట్టి ఇంకో చుట్టు తిరిగింది.

చివరకు ఆయనే నీళ్ళలో చెయ్యి ముంచి, ముఖం తుడుచుకున్నాడు. "పదండి. గాలి లేస్తాంది," అని, ఇంతసేపూ ఇవ్వని తెడ్డు మనవడి చేతికిచ్చాడు.