మా బండి ముల్లు

మా కుటుంబమునకు పాత డీజిలు అంబాసిడరు కారొకటి కలదు. అట్టి బండ్ల తయారి 2014వ సంవత్సరముననే నిలిచిపోయినది; కావున దాని యింజనును కాపాడుకొనుట మాకు ముఖ్యము. కరీంనగరమునుండి నిర్మలమీదుగా ఆదిలాబాదునకు వేసవిలో చేయు ప్రయాణములయందు మేము వేడిమిని చూపు ముల్లును చదువ నేర్చితిమి.

ఆ ముల్లు తెలుపునది యింజనుచుట్టు తిరుగు నీటి వేడిమిని మాత్రమే. నీరు ఇంచుమించు 82 డిగ్రీలకు కాగగానే థర్మోస్టాటు తెఱచుకొని దానిని రేడియేటరునకు పంపును. మహబూబు ఘాటు నెక్కునపుడు ముల్లు కొంత పైకి జరుగును. దిగునపుడు వెనుకకు వచ్చును. ఇది సహజము. చదునైన బాటలో నెమ్మదిగా పోవుచున్నను ముల్లు ఎఱ్ఱగీతవైపు నడచినచో, బోరునీటి సున్నము రేడియేటరులో పేరుకొనెనో, ఫ్యాను బెల్టు వదులయ్యెనో చూడవలెను.

అన్నిటికంటె మోసకరమైన దొకటి కలదు. గొట్టము పగిలి నీరంతయు కారిపోయినచో, సెన్సరునకు నీరు తగులదు. అప్పుడు ఇంజను మాడుచున్నను ముల్లు తటాలున క్రిందికి దిగవచ్చును. చల్లబడినదని సంతసించి సాగిపోయినవారి సిలిండరు హెడ్డు వంగిపోవును. కావున ముల్లు ఉన్నట్టుండి పడినను మేము బండిని నీడన నిలిపెదము. పూర్తిగా చల్లారకమున్ను రేడియేటరు మూత తీయము. ఒత్తిడిలోనున్న వేడినీరు ఎగజిమ్మి మొగమును కాల్చును.

థర్మామీటరు జ్వరము లేదన్నను, తల్లి బిడ్డ నుదుట చేయి వేసి చూడక మానదు గదా.