బడి గేటు ముందు పది రూపాయలు

పోయిన ఆదివారం మన సంఘం కమిటీ సమావేశంలో నేనొక మాట అంటే నలుగురు నవ్వారు. అప్పుడు ఊరుకున్నాను. ఆ మాట ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. కాస్త ఓపికగా చదవండి.

మా మనవడు ఆరో తరగతి. పోయిన నెల బడిలో పిల్లలందరికీ బరువు చూశారు. వాడి చీటీలో 52 కిలోలని ఉంది. పదకొండేళ్ళవాడికి అది చాలా ఎక్కువ. అప్పటినుంచి తోటిపిల్లలు వాణ్ణి ‘గుండు’ అంటున్నారట. మన ఇళ్ళలో గుండంటే తిరుపతిలో చేయించుకునేది. ఈ చెన్నైలో గుండంటే లావుపాటివాడు. రెండు రోజులు బడికి వెళ్ళనని ఏడ్చాడు.

మా కోడలు వాడికి నెయ్యి మాన్పించింది, అన్నం తగ్గించింది. నేను నోరు మెదపలేదు. సాయంత్రం వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళేది నేనే. గేటు దగ్గర రోజూ వాడి చేతిలో డబ్బులు పెట్టేదీ నేనే. తాతకు అదొక ముచ్చట.

మర్నాడు కాస్త ముందుగా వెళ్ళి ఆ గేటు ముందు నిలబడి చూశాను. ముప్పై అడుగుల్లో నాలుగు కొట్లు. తోరణాల్లా చిప్సు పొట్లాలు. పొట్లం పది రూపాయలు, చిన్న కూల్‌డ్రింకు సీసా ఇరవై. జామకాయలమ్మే ముసలమ్మ తట్టలోనూ సగం పొట్లాలే. ఎందుకమ్మా అని అడిగాను. “జామకాయ ఇరవై, పిల్లల దగ్గర ఉండేది పది. కాయ మిగిలితే కుళ్ళిపోతుంది, పొట్లం కుళ్ళదు కదయ్యా” అంది. ఆమెను తప్పుపట్టలేను.

మధ్యాహ్నం డబ్బా తినడానికి పిల్లలకు ఇరవై నిమిషాలు. సగం తిని మూసేస్తారు. మూడున్నరకు బయటికొచ్చేసరికి కడుపు కాలిపోతుంటుంది. ఆ ఆకలికి ఎదురుగా దొరికేది ఉప్పు, నూనె, చక్కెర. సీసా మీద లేబులు చదివాను. 100 మి.లీ.కు దాదాపు 11 గ్రాముల చక్కెర. 250 మి.లీ. తాగితే ఏడు చెంచాలు. ఇంట్లో పాలలో రెండో చెంచా వేయడానికి ఆలోచిస్తాం!

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. మా గేటు ముందు ఆ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు.

1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ శెట్టిగారు థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఆయన మన తెలుగాయనని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆకలి ఇంకా పోలేదు. అందుకే 2022లో తమిళనాడు ప్రభుత్వం బడిలో ఉదయం టిఫిను కూడా మొదలుపెట్టింది. ఆకలైనా, ఊబకాయమైనా నాకు అర్థమైంది ఒకటే. బడి దగ్గర పిల్లవాడు ఏం తింటాడన్నది వాడి చేతిలో లేదు, పెద్దల చేతిలో ఉంది.

ఇక మన సంగతి. శనివారం తెలుగు తరగతికి ముప్పైమంది పిల్లలు వస్తారు. విరామంలో మనమిచ్చేది చిప్సు పొట్లం, డబ్బా జ్యూసు. కొని తెచ్చేది నేనే, బిల్లు మీద సంతకమూ నాదే. అది మానేసి గుగ్గిళ్ళు, జామకాయలు పెడదామన్నాను. “అవి పెడితే పిల్లలెవరు వస్తారండీ?” అని నవ్వారు. నవరాత్రుల్లో ఇంటింటికీ తిరిగి సుండల్ అడిగి తినేది ఈ పిల్లలే కదా!

వచ్చే శనివారం శనగ గుగ్గిళ్ళు మా ఇంటినుంచి వస్తాయి. ముప్పై జామకాయలకు ఆ ముసలమ్మకు బయానా ఇచ్చాను. సంఘం వద్దంటే ఆ ఖర్చు నా పింఛనులోంచి. మీ పిల్లల్ని తప్పక పంపండి. మా వాడూ వస్తాడు. దయచేసి వాడి బరువు గురించి మాత్రం ఎవరూ ఏమీ అనవద్దు.