చూచినది చూచినట్లు

విజ్ఞానశాస్త్రానికి పునాది ప్రయోగం. ఆ ప్రయోగాన్ని నిలబెట్టేది దానిని గురించిన వ్రాత. ప్రయోగశాలలో గంటసేపు జరిగిన పని ఆ గంటతోనే ముగిసిపోతుంది. ఊగుతున్న లోలకం ఆగిపోతుంది. పరీక్షనాళికలోని రంగు వెలిసిపోతుంది. పరికరాలు తిరిగి అలమరలోకి చేరుకుంటాయి. మిగిలేది కాగితం మీద వ్రాసినది మాత్రమే. ప్రయోగం జరిగినప్పుడు అక్కడ లేని వ్యక్తి ఆ కాగితాన్ని చదివి జరిగినదంతా తెలుసుకోగలగాలి. అవసరమనుకుంటే ఆ ప్రయోగాన్ని తానే తిరిగి చేసి చూడగలగాలి. ప్రయోగ నివేదిక వ్రాయడంలోని పరమార్థం ఇదే.

జూనియర్ కళాశాలలలో ఈ నివేదికల పుస్తకానికి 'రికార్డు' అని పేరు. గట్టి అట్ట, ఒకవైపు గీతల పుట, మరొకవైపు బొమ్మ గీయడానికి తెల్ల పుట ఉన్న ఈ పుస్తకాన్ని, ప్రాక్టికల్ పరీక్షకు ముందు అధ్యాపకుని సంతకం చేయించుకోవలసిన ఒక వస్తువుగానే చాలామంది విద్యార్థులు భావిస్తారు. పై తరగతి వారి రికార్డు ఒకటి దొరికితే రెండు రాత్రులలో పని పూర్తవుతుంది. అక్షరం మారదు, అంకె మారదు, తప్పు కూడా మారదు. ఎప్పుడో ఒకరు తొందరలో 'దారం' అనడానికి 'ద్వారం' అని వ్రాస్తే, ఆ తరువాతి విద్యార్థుల రికార్డులన్నింటిలోనూ గుండు ద్వారానికే వేలాడుతూ ఉంటుంది. నవ్వు పుట్టించే ఈ పొరపాటు వెనుక నవ్వి ఊరుకోలేని విషయం ఒకటి ఉంది. ఆ రికార్డులో ప్రయోగం లేదు. చేసినవాడు చూచినది లేదు.

నివేదికను ఎట్లా వ్రాయాలో తెలుసుకోవడానికి లఘులోలకం ప్రయోగం చక్కని ఉదాహరణ. సన్నని దారానికి ఒక లోహపు గుండును కట్టి వేలాడదీసి, కొద్దిగా పక్కకు లాగి వదిలితే అది అటూ ఇటూ ఊగుతుంది. ఒకసారి పోయి తిరిగి రావడాన్ని డోలనమనీ, అందుకు పట్టే కాలాన్ని ఆవర్తన కాలమనీ అంటారు. దారాన్ని బిగించిన చోటు నుండి గుండు కేంద్రం వరకు గల దూరం లోలకం పొడవు. ఈ పొడవు, ఆవర్తన కాలం తెలిస్తే ఆ ప్రదేశంలోని గురుత్వ త్వరణాన్ని లెక్కకట్టవచ్చు. పరికరాలు చౌకైనవి, లెక్క చిన్నది. అయినా నివేదిక వ్రాయడంలోని మంచిచెడ్డలన్నీ ఈ ఒక్క ప్రయోగంలోనే బయటపడతాయి.

ఉద్దేశ్యం, పరికరాలు, సూత్రం, విధానం, పరిశీలనలు, గణన, ఫలితం, జాగ్రత్తలు అనేవి నివేదికలోని అంగాలు. ఈ వరుసను విద్యార్థులు కంఠస్థం చేస్తారు గాని, అది ఎందుకు ఏర్పడిందో ఆలోచించరు. చదివేవాని మనస్సులో ప్రశ్నలు పుట్టే వరుస కూడా అదే. ఏమి తెలుసుకోదలచారు? వేటితో? ఏ నియమాన్ని ఆధారం చేసుకొని? ఏమి చేశారు? ఏమి కనిపించింది? దాని నుండి ఏమి తేలింది? తేలినదానిని ఎంతవరకు నమ్మవచ్చు? ప్రతి అంగమూ తన వంతు ప్రశ్నకు సమాధానం చెప్పాలి. 'లోలకాన్ని గురించి తెలుసుకొనుట' అన్న ఉద్దేశ్యం దేనికీ సమాధానం కాదు. 'లఘులోలకం సహాయంతో కళాశాల ప్రయోగశాలలో గురుత్వ త్వరణాన్ని కనుగొనుట' అన్నప్పుడు పని ఏమిటో, ఎక్కడ జరిగిందో, దేనితో జరిగిందో ఒక్క వాక్యంలో తెలుస్తుంది.

విధానం వ్రాసేటప్పుడు పాఠ్యపుస్తకంలోని భాషకు, రికార్డులో ఉండవలసిన భాషకు గల భేదాన్ని గుర్తించాలి. 'గుండును పక్కకు లాగి వదలవలెను' అని పుస్తకం ఆదేశిస్తుంది. విద్యార్థి రికార్డు ఆదేశాలివ్వనక్కరలేదు. 'గుండును పక్కకు లాగి వదిలాము. మొదటి రెండు డోలనాలను విడిచిపెట్టి, ఆ తరువాత ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని కొలిచాము' అని జరిగినదానిని చెప్పాలి. లోలకం పొడవును దేనితో కొలిచారు, గుండు వ్యాసాన్ని ఎట్లా కనుగొన్నారు, ఏ పొడవు వద్ద ఎన్నిసార్లు కాలాన్ని గుర్తించారు అన్న వివరాలుంటే మరొకరు అదే పనిని అదే విధంగా చేయగలుగుతారు.

ఇతరులు తిరిగి చేయగలిగేటట్లు వ్రాయడం ఎంత విలువైనదో యల్లాప్రగడ సుబ్బారావు కృషి తెలుపుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన అమెరికా వెళ్ళి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఇతర ప్రయోగశాలలు కూడా దానిని అనుసరించగలిగాయి. తరువాత వారు కండరం నుండి తీసిన ద్రవాన్ని అదే పద్ధతిలో పరీక్షించినప్పుడు, రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆలస్యంగా, క్రమక్రమంగా వచ్చింది. రసాయనాలు పాతవై ఉంటాయని సరిపెట్టుకొని తుది అంకెను మాత్రమే వ్రాసి ఉంటే విషయం అంతటితో ముగిసేది. ఆ ఆలస్యాన్నే వారు పరిశీలనగా స్వీకరించి కారణాన్ని వెదికారు. కండరాల శక్తికి తోడ్పడే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం 1927లో ఆ విధంగా లోకానికి తెలిసింది.

నివేదికలో అత్యంత పవిత్రమైన భాగం పరిశీలనల పట్టిక. మిగిలిన భాగాలను ఇంటికి వెళ్ళి తీరికగా వ్రాసుకోవచ్చు. పట్టికలోని అంకెలను మాత్రం ప్రయోగం బల్ల దగ్గరే, కన్ను చూచిన క్షణంలోనే వ్రాయాలి. ఏ నిలువు వరుసలో ఏ రాశి ఉన్నదో, దాని ప్రమాణం ఏమిటో పైన స్పష్టంగా చూపాలి. పెన్సిలుతో వ్రాసి చెరపడం కంటే కలంతో వ్రాయడం మంచిది. పొరపాటు జరిగితే పాత అంకె కనబడేటట్లు ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, కారణాన్ని రెండు మాటలలో చెప్పాలి. కొట్టివేత రికార్డుకు మచ్చ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రయోగం జరిగిందనడానికి అది ఒక గుర్తు.

ఆ పాత అంకె ఎందుకు కనబడాలో ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. ఇద్దరు విద్యార్థులు లోలకం పొడవును సరిగ్గా ఒక మీటరుగా అమర్చి, ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని కొలిచారనుకుందాం. గడియారం 38.2 సెకన్లు చూపింది. ఇరవైతో భాగిస్తే ఆవర్తన కాలం 1.91 సెకన్లు. దాని నుండి లెక్కకట్టిన గురుత్వ త్వరణం సెకను వర్గానికి 10.82 మీటర్లు. పుస్తకంలో 9.8 అని ఉంది. ఇక్కడ వారి ముందు రెండు దారులున్నాయి. మొదటిది సులువైనది. 9.8 నుండి వెనక్కు లెక్కవేసి, ఎంత కాలం వస్తే సరిపోతుందో చూచి, 38.2ను చెరిపి ఆ అంకెను వేయడం. అట్లా చేస్తే రికార్డు అందంగా ఉంటుంది, మార్కులకు లోటు రాదు, కాని ఎవరికీ ఏమీ తెలియదు.

రెండవది 38.2ను అట్లాగే ఉంచి మళ్ళీ కొలవడం. ఈసారి 40.2 సెకన్లు వచ్చింది. మరొకసారి కొలిచినా దాదాపు అంతే. అప్పుడు రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా సరిగ్గా రెండు సెకన్లు. అంటే ఒక డోలనానికి పట్టే కాలం. గడియారాన్ని నొక్కుతూనే 'సున్న' అనవలసిన చోట 'ఒకటి' అని లెక్క మొదలుపెట్టారు. ఇరవై అనుకున్నవి నిజానికి పందొమ్మిది డోలనాలే. తప్పు అంకె చెరిగిపోకుండా నిలిచినందువల్లనే తప్పు ఎక్కడ జరిగిందో దొరికింది. ఈ సంగతిని రికార్డులో నాలుగు వాక్యాలలో వ్రాసిన విద్యార్థి, సరైన విలువను ఎత్తి వ్రాసిన నలుగురి కంటే ఎక్కువ భౌతికశాస్త్రం నేర్చుకున్నాడు.

ఫలితాన్ని ప్రకటించేటప్పుడు మరొక నిగ్రహం కావాలి. 40.2 సెకన్ల కాలంతో లెక్కిస్తే కాలిక్యులేటరు 9.77164 అని చూపుతుంది. ఆ అంకెలన్నింటినీ ఫలితంగా వ్రాయడం తగదు. గడియారాన్ని నొక్కడంలో 0.2 సెకన్ల హెచ్చుతగ్గు ఉండవచ్చునని ఒప్పుకుంటే, కాలంలో అది అర శాతం. కాలపు వర్గంతో భాగిస్తున్నాము గనుక ఫలితంలో ఒక శాతం. అందువల్ల ఫలితం 9.8 అనీ, అది 0.1 అటూ ఇటూగా ఉండవచ్చుననీ చెప్పడమే న్యాయం. గుండు వ్యాసార్థం ఒక సెంటీమీటరై, దానిని పొడవులో కలపడం మరచిపోతే ఫలితం మరొక శాతం తగ్గుతుంది. జాగ్రత్తల కింద వ్రాయవలసినవి ఇటువంటి విషయాలు. పంకాయే లేని ప్రయోగశాలలో చేసి 'పంకాను ఆపితిమి' అని వ్రాయడం జాగ్రత్త అనిపించుకోదు.

పుస్తకంలోని విలువ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ వద్ద సుమారు 9.78, ధ్రువాల వద్ద సుమారు 9.83. హైదరాబాదులో అది 9.78కి చేరువలో ఉంటుంది. అందువల్ల తరగతిలోని రికార్డులన్నీ 9.80 అని ముక్తకంఠంతో పలికితే, అవి తమ ఊరిని గాక పుస్తకాన్ని కొలిచాయని అనుకోవలసి వస్తుంది.

ఈ తేడా లోకానికి తెలిసినది కూడా ఒక నిజాయితీ గల నివేదిక వల్లనే. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఖగోళ పరిశీలనల కోసం దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్ అనే చోటికి వెళ్ళారు. పారిస్‌లో సరిగా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనుకబడసాగింది. గంటసేపటి ప్రయోగంలో కనబడనంత చిన్న తేడా, రోజంతా నడిచే గడియారంలో పోగుపడి కనిపించింది. గడియారం చెడిపోయిందని ఆయన అనుకొని ఉండవచ్చు. అట్లా కాక నెలల తరబడి పదేపదే పరిశీలించి, లోలకాన్ని ఎంత కురచ చేస్తే కాలం సరిపోతుందో కొలిచి, దానినే వ్రాసి పెట్టారు. భూమి పూర్తి గోళం కాదనీ, భూమధ్యరేఖ వద్ద ఉబ్బెత్తుగా ఉన్నదనీ వాదించినప్పుడు న్యూటన్ 1687 నాటి తన గ్రంథంలో ఈ పరిశీలనను ఆధారంగా చేసుకున్నారు.

ఎదురుచూచిన అంకె వైపు మనస్సు మొగ్గడం విద్యార్థులకే పరిమితమైన బలహీనత కాదు. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని మిల్లికన్ 1913లో ప్రకటించినప్పుడు, గాలి స్నిగ్ధతకు తీసుకున్న విలువ సరికానందున ఆయన ఫలితం అర శాతానికి పైగా తగ్గింది. ఆ తరువాత కొలిచినవారి ఫలితాలు ఒక్కసారిగా సరైన విలువకు చేరక మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చాయని రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో విద్యార్థులకు చేసిన ఒక ప్రసంగంలో గుర్తు చేశారు. మిల్లికన్ విలువకు దూరంగా వచ్చిన అంకెలో తప్పు వెదికారు, దగ్గరగా వచ్చినదానిని అంతగా పరీక్షించలేదు. పెద్ద శాస్త్రవేత్తలకే ఇట్లా జరిగినప్పుడు, వచ్చిన విలువను, రావలసిన విలువను వేరువేరుగా వ్రాసే అలవాటు విద్యార్థి దశలోనే పడటం ఎంతో అవసరం.

ఈ అలవాటు ప్రాక్టికల్ పరీక్షతో ముగిసేది కాదు. నేటి విద్యార్థులలో కొందరు రేపు రక్త పరీక్షా కేంద్రాలలోనూ, మందుల కర్మాగారాలలోనూ, భూసార పరీక్షా కేంద్రాలలోనూ పనిచేస్తారు. అక్కడ వారు వ్రాసే అంకెను చూచి వైద్యుడు మందు నిర్ణయిస్తాడు, రైతు ఎరువు కొంటాడు. మట్టిని పరీక్షించకుండా పక్క పొలం అంకెను వేసిన కాగితం చూడటానికి అచ్చం అసలు కాగితంలాగే ఉంటుంది. దాని వలన కలిగే నష్టం వ్రాసినవానికి కనబడదు. పొలం గట్టు మీద నిలబడిన రైతుకే అది తెలుస్తుంది.

రికార్డు దిద్దే అధ్యాపకుల పాత్ర కూడా ఇందులో తక్కువైనది కాదు. ఫలితం 9.8కి ఎంత దగ్గరగా ఉన్నదని చూడటంతో పాటు, ఆ ఫలితం పట్టికలోని అంకెల నుండే వచ్చిందా అని వారు చూడాలి. కొట్టివేతకు మార్కు తగ్గిస్తే చెరపడం నేర్పినట్లే. కారణం వ్రాసిన కొట్టివేతకు మార్కు వేస్తే విద్యార్థికి ధైర్యం వస్తుంది.

విద్యార్థి తన రికార్డు వ్రాయడానికి కూర్చున్నప్పుడు గొప్ప భాష కోసం వెదకనక్కరలేదు. ఏమి చేశాడో, ఏమి చూచాడో, ఏమి లెక్కించాడో, ఎక్కడ పొరపడ్డాడో వరుసగా, చిన్న వాక్యాలలో చెబితే చాలు. పై ఏడాది ఆ పుస్తకాన్ని మరొక విద్యార్థి అడిగి తీసుకుపోవచ్చు. అందులో 38.2 మీద కొట్టిన గీతను, పక్కన వ్రాసిన కారణాన్ని చూచినప్పుడు, ఎత్తి వ్రాసుకోవడం కంటే ఒకసారి లోలకాన్ని ఊపి చూడాలని అతనికి అనిపిస్తే, ఆ రికార్డు సార్థకమైనట్లే.