రంగు వేయక ముందు



మొన్న క్రిస్మస్‌కు మన సండే స్కూలు గది గోడ చూసి చాలామంది "మంచిగ అయింది అయ్యగారూ" అన్నారు. ఆ గోడ మూలలో నేను నేర్చుకున్న పాఠం ఒకటి మీతో పంచుకోవాలని ఉంది. ఇందులో ఉన్న తమ్ముణ్ణి అడిగి, అతను సరేనన్నాకే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

ఆ గదికి అడ్డుగోడలు ఇటుకతో కాదు, జిప్సం బోర్డుతో కట్టించాం. రేకు చట్రానికి బోర్డులు స్క్రూలతో బిగించి, రెండు బోర్డులు కలిసే చోట కాగితపు టేపు అతికించి, మీద లప్పం పెట్టి నున్నగా చేస్తారు. వానాకాలంలో పైకప్పు సందులోంచి నీళ్లు దిగి, ఒక మూలలో టేపు ఉబ్బి, నిలువునా పగులు పడింది. కప్పు బాగు చేయించాం గానీ మూల అలాగే ఉండిపోయింది. పండుగ పది రోజుల్లోకి వచ్చింది. పగులులో కాస్త లప్పం కుక్కి రంగు కొట్టిస్తే ఎవరికీ కనపడదు కదా అనుకున్నాను.

మన నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల దిక్కు ఏ వాడకు పోయినా గల్ఫ్ పోయి వచ్చినవారు ఉంటారు. మన సంఘపు తమ్ముడొకడు ఆరేళ్లు అక్కడ ఈ బోర్డు పనే చేసి వచ్చాడు. వచ్చాక ఒక్క ఆదివారం వెనక వరుసలో కూర్చొని వెళ్లాడు, మళ్లీ రాలేదు. డబ్బు చూశాక ప్రార్థన మరిచాడని అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఒక ప్రసంగంలో పేరెత్తకుండా అన్నాను కూడా. ఇన్ని నెలల్లో అతనికి ఫోన్ చేయని నేను, మందిరంలో పని పడ్డాక చేశాను.

అతను వచ్చి, మూలను బొటనవేలితో నొక్కి చూశాడు. "బోర్డు గట్టిగనే ఉంది అయ్యగారూ, నాననియ్యలే. టేపే ఇడిసింది. మీదికెల్లి లప్పం పూస్తే నెల రోజులు ఆగదు. గుంజాలె."

కట్టర్‌తో రెండు వైపులా గీత పెట్టి, టేపును కిందికి లాగాడు. నాకు కనిపించిన పగులు మూరెడు. ఊడిన టేపు నా ఎత్తు దాటింది. గట్టిగా అంటుకున్న చోటు వచ్చేదాకా లాగి, అక్కడ కోసి ఆపాడు. వదులుగా ఉన్న పొడినంతా గీకి, బ్రష్‌తో దులిపి, కాగితం చిరిగి పీచు లేచిన చోట ప్రైమర్ పట్టించాడు. అది ఆరాక బోర్డుల మధ్య సందును గట్టిపడే లప్పంతో నింపాడు. కొత్త టేపును నడిమికి మడిచి, మూలకు రెండు వైపులా పలుచగా లప్పం రాసి, పట్టీతో అదిమాడు. కింద గాలి మిగిలితే మళ్లీ ఉబ్బుతుందట.

"ఇగ రేపు," అని చేతులు కడుక్కున్నాడు.

"రేపా? ఇప్పుడే రెండో పూత పెట్టరాదూ?"

"తడి మీద తడి పెడితే మళ్ల పగులుతది అయ్యగారూ."

రెండో రోజు మూలకు ఒక వైపే పూత పెట్టాడు. రెండు వైపులా ఒకేసారి పెడితే, ఒకటి సరిచేస్తుంటే పట్టీ మొన తగిలి రెండోది చెడుతుందన్నాడు. పని అయ్యాక ఇద్దరం మెట్ల మీద కూర్చొని చాయ్ తాగుతున్నాం. అప్పుడు, గోడ వైపే చూస్తూ అన్నాడు:

"మా నాయిన పోయిననాడు మీకు ఫోన్ చేసిన, యాదికుందా? దేవుని చిత్తం తమ్ముడూ, ఏడ్వకు అని పెట్టేసిన్రు. నేను రూముల ఒక్కణ్నే ఉన్న. భూస్థాపన వీడియోల చూసిన. మీరు మళ్ల ఒక్కసారి చెయ్యలే. మా అమ్మ దగ్గరికి గూడ పోలే."

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు పనులు చాలా ఉన్నాయన్నది నిజమే. కానీ ఆ రోజు తర్వాత ఎన్ని రోజులు వచ్చాయి! "దేవుని చిత్తం" అన్న మాటలో తప్పు లేదు. నేను దాన్ని పగులు మీద రంగులా వాడాను. క్షమించమని అడిగాను. అతను వెంటనే ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి, "రేపు రెండో దిక్కు పెడత" అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి లేవీయకాండము 14వ అధ్యాయం తీశాను. ఇంటి గోడకు పొడ కనిపిస్తే యాజకుడు వచ్చి చూడాలి. ఏడు దినములు ఆ ఇంటిని మూసి ఉంచి మళ్లీ చూడాలి. పొడ పాకితే ఆ రాళ్లు ఊడదీయించి, లోపలి గోడంతా గీకించి, ఆ పొడిని ఊరి వెలుపల పారబోయించి, వేరే రాళ్లు, వేరే అడుసు పెట్టించాలి. పూత తర్వాతి సంగతి. గోడను చూడటం, గీకించడం, ఆగడం ముందు. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో అబద్ధ ప్రవక్తలు చేసింది దీనికి తలకిందులు. సమాధానం లేని చోట సమాధానమని చెప్పి, బలంలేని గోడకు పైపూత పూశారు. వాన వచ్చినప్పుడు గోడ పడింది, పునాది బయటపడింది. ఇన్నాళ్లూ ఆ అధ్యాయం వేరే బోధకుల గురించి అనుకొని చదివాను.

మరునాడు సాయంత్రం అతని తల్లి దగ్గరికి పోయాను. ప్రసంగం చేయలేదు. ఆమె భర్త గురించి గంటసేపు చెప్పింది, విన్నాను. ఆ మాట అప్పుడే వినవలసింది.

నాలుగో రోజు ఎమరీ కాగితంతో మెల్లగా రుద్ది, టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేశాడు. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న గోడ మీద రెండు గుంటలు కనపడ్డాయి. వాటిని సరిచేసి, ఆరనిచ్చి, ప్రైమర్ కొట్టాకే రంగు. పండుగ ఆరాధనకు అతను తల్లిని తీసుకొని వచ్చాడు. మళ్లీ వెనక వరుసలోనే కూర్చున్నాడు. మా మధ్య అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఒక పూత ఆరుతోంది, అంతే.

మన బాసరకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తారు. నేను మాత్రం నలభై దాటాక, ఒక పనివాడి పక్కన నిలబడి ఈ పాఠం దిద్దుకున్నాను.

ప్రియులారా, మీ ఇంట్లో, అన్నదమ్ముల మధ్య, అత్తాకోడళ్ల మధ్య రంగు కింద ఉబ్బిన మూల ఏదైనా ఉందా? పండుగకు కలిసి తిన్నాం కదా, అయిపోయిందిలే అనుకుంటున్నారా? వేలితో నొక్కి చూడండి. తప్పు మీదైతే ముందు మీరే పోండి. అవతలివారు మాట్లాడుతుంటే జవాబు వెతక్కండి. ఆరడానికి సమయమియ్యండి.

ప్రార్థన: ప్రభువా, నీ వెలుగును పక్కనుంచి మా మీద వేయుము. మేము కప్పినవాటిని మాకు చూపించుము. గీకుచున్నప్పుడు ఓర్చుకొను మనస్సును, ఆరువరకు కనిపెట్టు ఓపికను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.