హగరిలో దిగి

గుంతకల్లులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని హుబ్బళ్లి వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. బళ్లారి ఇక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌లో ఆ దారి ఒక్క కునుకులో అయిపోతుంది. నాకు ఆ దారే కావాలి, అందులోనూ హగరి అనే చిన్న స్టేషన్ కావాలి.

ఎదురుగా బళ్లారిలో జీన్స్ కుట్టే షెడ్లకు పనికి పోయే కుర్రవాళ్లు. పక్కన తలపాగా పెద్దాయన.

"యాడ దిగుతావప్పా?"

"హగరిలో, పెద్దాయనా."

"ఆడ నీవాళ్లు ఎవురుండారు?"

"ఎవరూ లేరు. ఏరు చూద్దామని."

"ఏట్లో ఏముంది, ఇసుక తప్ప" అంటుండగా ఫోన్ మోగింది. అవతల పరమదేవనహళ్లిలో ఉన్న కూతురట. ఆమెతో కన్నడంలో మాట్లాడి, ఫోన్ జేబులో వేసుకుని, ఆపిన చోటి నుంచే తెలుగు అందుకున్నాడు.

బయట నల్లరేగడి. శనగ, జొన్న, పగిలిన పత్తికాయలు. రాష్ట్రం ఎక్కడ మారిందో ఆ నేల చూసి చెప్పలేం. 1882లో అనంతపురం జిల్లా విడిపోయేదాకా గుంతకల్లు కూడా బళ్లారి జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి తాలూకా మీద తగాదా తెగక జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాను విచారణకు వేశారు. ఆయన నివేదిక తర్వాత అది మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆ తీర్పు తప్పో ఒప్పో నేను వాదించను. గీత ఎటు గీసినా అవతల ఎవరో ఒకరి కూతురు మిగిలిపోయే సీమ ఇది. ఆమెను చూసి రావడానికి పెద్దాయనకు ఈ ప్యాసింజరు ఉంది.

హగరిలో బోర్డు కన్నడంలో పలకరించింది. నాతోపాటు దిగిన కూలి ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో పత్తి చేల వైపు నడిచారు. ఈ ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నాటిది. వాననే నమ్ముకున్న నల్లరేగడిలో పత్తి, జొన్న ఎలా నిలబెట్టాలో వందేళ్లకు పైగా చూస్తోంది. ఇప్పుడది రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది.

ఏటి దగ్గర చాలాసేపు ఉన్నాను. పెద్దాయన మాటే నిజం, కనుచూపుమేర ఇసుక. హగరి అంటే వేదవతే. బాబాబుడన్ కొండల్లో పుట్టి, హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరంలో ఆగి, అనంతపురం జిల్లాలోకి వచ్చి భైరవానితిప్ప దగ్గర మళ్లీ ఆనకట్టకు చిక్కి, తిరిగి బళ్లారి జిల్లా చేరి తుంగభద్రలో కలుస్తుంది. రెండు ఆనకట్టలు దాటి ఇక్కడిదాకా వచ్చే నీళ్లెన్ని? పైన కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు దీని ఇసుకే గాలికి లేచి పొలాల మీద దిబ్బలు పోసింది. అక్కడి రైతు కష్టం, ఇక్కడి రైతు కష్టం ఒకే ఏటి నుంచి వచ్చినవి. నీళ్ల మాట వచ్చినప్పుడు మాత్రం రెండు రాష్ట్రాలుగా కూర్చుంటాం. అది నన్ను బాధిస్తుంది.

తర్వాతి బండి కోసం స్టేషన్‌లో కూర్చుంటే ఒకామె ఆకు ఒక్క నములుతూ, "ఈ బండి ఆగకపోతే ఆస్పత్రికి పోను బస్సు కోసం రోడ్డుదాకా నడవాల సామీ" అంది. చిన్న స్టేషన్లలో బండి ఆపడం దండగ అనేవాళ్లు ఆమె మాట వినాలి.

మధ్యాహ్నానికి బళ్లారి చేరాను. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకాన్ని పెంచిన ఊరు. తాడిపత్రిలో పుట్టిన రాఘవ ఈ ఊరి పేరే ఇంటిపేరుగా చేసుకుని తెలుగు, కన్నడం, ఇంగ్లీషుల్లో నటించాడు. ఆయన పేరిట కట్టిన రాఘవ కళామందిరం గేటు దగ్గర నిలబడితే కాపలా ఆయన తెలుగులోనే పిలిచాడు: "సాయంత్రం కన్నడ నాటకం ఉండాది, రాండి."

ప్యాసింజరుకు రిజర్వేషన్ లేదు, తర్వాతి దానికైనా పోవచ్చు. నాటకానికి ఉండిపోయాను.